నడివయస్సున కాళ్ల బలము తగ్గుటకును నడక చెడుటకును గల కారణములు

నలువది మొదలు ఏబది సంవత్సరముల వరకు గల వయస్సు కాపునకు పనిలో ఆరితేరిన వయస్సు. భూమి గుణమును, వాన రాకను, ఎద్దు స్వభావమును అప్పటికి గాని మనుష్యునకు బాగుగ తెలియదు. ఇట్టి వయస్సుననే కొందరికి కాళ్లు క్రమముగా వశము తప్పుచుండును. నాగలి వెంట నడుచునప్పుడు మోకాళ్లు తొట్రుపడును. గట్టు దాటునప్పుడు చెప్పు కాలినుండి జారిపోయినను తెలియదు. గొంతుకూర్చున్నవాడు చేతులూని గాని లేవజాలడు. ఒకటి రెండు సంవత్సరములు గడచునప్పటికి చేతికఱ్ఱ వచ్చును.

ఇంటివారు దీనిని వాతమందురు. ఇరుగుపొరుగువారు గాలి సోకినదందురు. మఱికొందరు వయస్సు మీరినదని ఊరకుందురు. పసరు మందులకును, తాయెత్తులకును, దూరపు మ్రొక్కులకును ఒక కాడి ఎద్దులు అమ్ముడుపోవును. పిదప ఎకరమో రెండెకరములో తాకట్టు పడును. ఇంత వ్యయమైనను కారణమేమో తెలియకయే యుండును. నలువదియైదేండ్లకు కాళ్లు పడిపోవుట వార్ధక్యము కాదు. దానికి కారణముండి తీరును. ఆ కారణములలో పెక్కులు కాపు త్రాగు నీటియందును, తిను ధాన్యమునందును, చల్లు మందునందును, పనిచేయు మట్టియందును ఉన్నవి. అందుచేత ఈ విషయము వైద్యులకు మాత్రమే కాక వ్యవసాయదారులకును తెలిసియుండవలయును.

మొదట ఒక భేదము గమనింపవలెను. నీరసము వేఱు, కాళ్ల బలము తగ్గుట వేఱు. రక్తము తక్కువైనవానికి నాలుగడుగులు వేయగనే ఆయాసము వచ్చును, గుండె కొట్టుకొనును, కనురెప్ప లోపలి భాగము తెల్లబడియుండును. కాని కొంతసేపు కూర్చున్న పిదప అతని కాళ్లు చెప్పినట్లు వినును. చెప్పులు లేక తడి నేలపై నడుచువారి పాదముల గుండ పొట్టలో చేరు కొంకిపురుగులు రక్తమును పీల్చుటచే ఇట్టి నీరసము పల్లెలయందు మిక్కిలి సామాన్యము. పురుగుల మందును, ఇనుము కలిసిన మాత్రలును దీనిని కుదుర్చును. అట్లుగాక, విశ్రాంతి తీసికొన్నను కాళ్లు బిగిసికొనియుండుట, వ్రేలాడుట, మొద్దుబారుట, తూలుట కనబడినచో లోపము రక్తమున గాక ఎముకలలోనో, కండరములలోనో, నరములలోనో, వెన్నుపాములోనో యున్నదని గ్రహింపవలెను.

తెలుగు దేశమున ఇట్టి వ్యాధి యనగానే మొదట విచారింపవలసినది బావి నీటిని. నెల్లూరు జిల్లాలో నుండి పిదప ప్రకాశము జిల్లాలో చేరిన పొదిలి, దర్శి ప్రాంతములందు నడుము వంగి, మెడ త్రిప్పలేక, కాళ్లు బిగుసుకొనిపోయిన మనుష్యులను గుంటూరు, నెల్లూరు సీమలవారు పూర్వమునుండియు ఎఱుగుదురు. దానికి నీటియందలి ఫ్లోరైడు అను లవణము కారణమని 1937 సంవత్సరమున గిండీయందలి కింగ్ సంస్థకు చెందిన షార్టు మొదలగు వైద్యులు ప్రకటించిరి. భారతదేశమున మనుష్యులయందు ఈ వ్యాధిని గూర్చి వెలువడిన మొదటి వివరణము అదియే. నిజాము రాష్ట్రమునందు అంతకు మునుపే, 1934 ప్రాంతమున, పశువులలో ఇది కనిపెట్టబడెను. పశువు నోరు తెఱచి చెప్పజాలదు గాని దాని పండ్లు అరిగిపోవుటయు, గిట్టలు నేలకు సరిగా ఆనక కుంటుటయు, నాగలి లాగలేక కూలబడుటయు చూచినవారికి ఆ ఊరి నీరెట్టిదో తెలియవలసినదే. నల్లగొండ జిల్లాయందలి రోగులను పరిశీలించి డాక్టరు సిద్దికీ 1955 సంవత్సరమున వ్రాసిన వ్యాసము ఇంగ్లండునందలి వైద్య పత్రికలో అచ్చుపడెను. మఱ్ఱిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతముల పేర్లు ఈ వ్యాధితో కలిసి దేశమంతటను తెలిసినవి.

ఫ్లోరైడు ఎవరో తెచ్చి కలిపినది కాదు. నల్లగొండ, ప్రకాశము జిల్లాల అడుగున నున్నది కఱకు నల్లరాతి పొర. ఆ రాతిలోని కొన్ని ఖనిజములందు ఫ్లోరైడు సహజముగ నున్నది. చవుడు గుణము హెచ్చుగాను సున్నపు పాలు తక్కువగాను గల నీరు ఆ రాతి పగుళ్లలో బహుకాలము నిలిచినప్పుడు ఫ్లోరైడును కరగించుకొనును. చెఱువు నీరును, వాన నీరును రాతితో ఎక్కువ కాలము కలిసియుండవు గనుక వానియందు ఇది స్వల్పము. పూర్వపు మోటబావులు ఎండిపోయి, రెండు వందలు, మూడు వందలు, ఇంకను ఎక్కువ అడుగుల లోతున బోర్లు వేసిన కొలది అనేక గ్రామములందు ఈ చెఱుపు హెచ్చినది. నీరు తేటగను, రుచిగను ఉండవచ్చును. ఫ్లోరైడునకు రంగు లేదు, వాసన లేదు. కంటితో చూచి, నోట రుచి చూచి మంచినీరని చెప్పువాని మాట ఈ విషయమున చెల్లదు.

త్రాగు నీటిలో లీటరునకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చుననియు, వేఱు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చుననియు భారత ప్రమాణముల సంస్థవారి నిర్ణయము. అంతకు మించిన నీటిని బాల్యమున త్రాగినవారి పండ్లపై మొదట సున్నము పూసినట్లు తెల్లని మచ్చలును, పిదప పసుపు, గోధుమ వర్ణపు చారలును ఏర్పడును. ఎనిమిదేండ్ల లోపున, చిగురు లోపల పన్ను తయారగుచున్న కాలముననే ఈ మచ్చ పడును. ఇచ్చట పలువురు పొరబడుచున్నారు. పండ్లు బాగుగ నున్నవి గనుక తమకు ఈ వ్యాధి లేదందురు. మంచినీటి ఊరిలో పుట్టి పెరిగి, పెండ్లియై ఫ్లోరైడు గ్రామమునకు కాపురమునకు వచ్చిన కోడలి పండ్లు తెల్లగనే యుండును; కాని ఇరువది సంవత్సరములు ఆ నీరు త్రాగినచో ఆమె ఎముకలకు మినహాయింపు లేదు.

ఎముకలలో జరుగునది ఇది. శరీరములోనికి పోయిన ఫ్లోరైడులో కొంత మూత్రము గుండ వెలుపలికి పోవును; పెద్దవారియందు సుమారు సగము ఎముకలలో నిలిచిపోవును. ఎముకలోని సున్నపు పదార్థముతో అది కలిసి దానిని మార్చివేయును. ఎముక బరువెక్కి, గరుకై, పొడుచుకొని వచ్చును. కీళ్లను బంధించు నారలు సహితము క్రమముగా ఎముకవలె గట్టిపడును. మొదట నడుమునను కీళ్లయందును నొప్పి మాత్రముండును. దానిని పని బడలికగా తలంతురు. తరువాత మెడ తిరుగదు, నడుము వంగదు. వెన్నెముక లోపల వెన్నుపాము పోవు మార్గము ఇరుకై, గట్టిపడిన నారలు దానిని నొక్కుటతో కాళ్లలో తిమ్మిరి, బిగువు, బలహీనత పుట్టును. ఇది ఒకటి రెండేండ్లలో వచ్చునది కాదు. సామాన్యముగ పది ఇరువది సంవత్సరములు ఆ నీరు త్రాగిన పిదప, నడివయస్సున నరములు నొక్కుకొనిపోవును. ఎండలో పనిచేయువాడు ఎక్కువ నీరు త్రాగును గనుక ఇంట కూర్చున్నవాని కంటె సేద్యగానికే చెఱుపు హెచ్చు.

వైద్యునికొఱకు వేచియుండక ఇంటనే మూడు పరీక్షలు చేసికొనవచ్చును. మోకాళ్లు వంచక నేలపైనున్న నాణెమును తీయుట. గడ్డమును ఱొమ్మునకు ఆనించుట. రెండు చేతులను తల వెనుకకు చేర్చి వ్రేళ్లు కలుపుట. పూర్వము చేయగలిగి ఇప్పుడు చేయలేకపోయినచో అనుమానింపవలెను. ముంజేతి ఎక్సరే తీసినచో రెండు ఎముకల నడుమనున్న పొర గట్టిపడియుండుట వైద్యునకు స్పష్టముగ కనబడును.

జొన్న తినువారి విషయమొకటి కలదు. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారు 1970 తరువాత నల్లగొండ ప్రాంతమున పిల్లలకును యువకులకును మోకాళ్లు లోపలికి తగులునట్లు కాళ్లు వంకరపోవుట చూచి, జొన్నను ముఖ్యాహారముగా గలవారి శరీరమునందు ఫ్లోరైడు ఎక్కువ నిలుచుచున్నదని తెలిపిరి. నాగార్జునసాగరము నిండిన పిదప చుట్టుపట్ల భూగర్భజలము పైకెక్కి, నేలలోని సూక్ష్మ ధాతువుల పాళ్లు మారుట దీనికి తోడ్పడినదని వారి యూహ. అంతమాత్రమున జొన్న మానవలసినది కాదు, మానవలసినది నీరు. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి, జామ మొదలగునవి ఆహారమున చేరినచో చెఱుపు కొంత తగ్గును. చింతపండు తిన్నప్పుడు మూత్రము గుండ ఫ్లోరైడు ఎక్కువ పోవుచున్నదని అదే సంస్థవారు 2002 సంవత్సరమున ప్రకటించిరి. పులుసు తినువారికి ఇది సంతోషము కలిగించు వార్తయే గాని, చింతపులుసును నమ్మి చెడ్డ నీరు త్రాగరాదు.

నీటిని కాచుటవలన ఫ్లోరైడు పోదు. సూక్ష్మజీవులు చచ్చును, నీరు ఇగురును, మిగిలిన నీటిలో ఫ్లోరైడు పాలు ఇంకను హెచ్చును. ఇది అందరికిని తెలియజెప్పవలసిన విషయము. ఫ్లోరైడు తీయుటకు సున్నము, బ్లీచింగు పొడి, పటిక వరుసగా కలిపి, పది నిమిషములు నెమ్మదిగా త్రిప్పి, గంటసేపు తేరనిచ్చి పైనీరు వంచుకొను పద్ధతిని నాగపూరునందలి పరిశోధకులు కనిపెట్టిరి; దానికి నల్లగొండ పద్ధతి యనియే పేరు. పటిక పాలు నీటి పరీక్షను బట్టి నిర్ణయింపవలెను గనుక ఊహించి వేయరాదు. అన్నిటికంటె మేలు నదీజలము. 2016 సంవత్సరమున ఆరంభమైన మిషన్ భగీరథ పథకము క్రింద తెలంగాణ గ్రామములకు నదీజలము గొట్టముల గుండ వచ్చినది. అయితే ఇంటిలో కుళాయి నీరు త్రాగు కాపు పగలంతయు పొలమున బోరు నీరే త్రాగుచున్నచో ఆ మేలులో సగము పోయినట్లే. సొరకాయ బుఱ్ఱతో గాని సీసాతో గాని ఇంటినుండి నీరు తీసికొనిపోవు పూర్వపు వాడుక మరల పట్టవలసినదే. ఎముకలో చేరినది త్వరగా పోదు. వంగిన నడుము నీరు మార్చినంతనే లేవదు. కాని నీరు మార్చినచో వ్యాధి ముదురుట నిలుచును, ఇంటిలోని పిల్లలు తప్పించుకొందురు.

ధాన్యమువలన వచ్చు చచ్చు వేఱొకటి. ఖేసారి యను పప్పు, కొన్ని సీమలలో తివ్డా, లాఖ్ అని పిలువబడునది, మధ్య భారతమునందు వానలు తప్పినప్పుడు సహితము పండును. వరి కోయక మునుపే తడి మడిలో గింజ చల్లిన చాలును; దున్నకము లేదు, ఎరువు లేదు. 1829 మొదలు వరుసగ గోధుమ పంట చెడిపోయి సాగరు ప్రాంతపు గ్రామస్థులు దీనినే తిని బ్రతికిరనియు, 1833 నాటికి యువకులనేకులకు నడుము క్రింద కాళ్లు పడిపోయెననియు కర్నల్ స్లీమన్ వ్రాసెను. రీవా సంస్థానపు సీమలో పాలేర్లకు కూలి క్రింద ఈ గింజలే కొలిచి యిచ్చుచుండుటచే వ్యాధి బీదలనే పట్టెను. భూస్వామి గోధుమ తినెను, పాలేరు కాళ్లు పోగొట్టుకొనెను. ఆహారమున మూడవవంతుకు మించి ఇది రెండు మూడు మాసములు సాగినచో ఒకనాడు హఠాత్తుగా కాళ్లు బిగిసికొని, మడమ నేల కానక మునివ్రేళ్లపై, కత్తెరవలె కాలికి కాలు అడ్డముగా పడుచు నడువవలసివచ్చును. స్పర్శ చెడదు, తెలివి చెడదు, చేతులు బాగుగనే యుండును. వచ్చిన చచ్చు పోదు. ఈ గింజయందలి విషమును 1964 సంవత్సరమున బెంగుళూరు విజ్ఞాన సంస్థలో ఎస్.ఎల్.ఎన్. రావు, అడిగ, శర్మ గార్లు వేఱుచేసిరి. విషము తక్కువగా గల రతన్, ప్రతీక్, మహాతివ్డా అను వంగడములు తరువాత వచ్చినవి. తెలుగు జిల్లాలలో దీని సేద్యము అంతగా లేదు గాని, కందిపప్పునందును సెనగపిండియందును కల్తీగా వచ్చుట కలదు. కందిబద్ద గుండ్రని పలుకు. ఖేసారి గింజ ఒక ప్రక్క అణగి గొడ్డలి మొనవలె నుండును. చౌకగా దొరకిన పప్పును నూనె దీపమున గాక పగటి వెలుతురున చూచి కొనవలెను. వేడి నీటిలో నానబెట్టి ఆ నీరు పారబోసినచో విషములో చాల పాలు పోవును. కఱవున వేఱు గతి లేనివారికి ఇది తెలిసియుండుట మంచిది.

పురుగుమందుల సంగతి నేటి కాపులకు మిక్కిలి ముఖ్యము. ఆర్గనోఫాస్ఫేటు జాతి మందులు గాలి గుండ, చర్మము గుండ ఎక్కినప్పుడు వాంతి, చెమట, నోటినుండి నీరు కారుట, కనుపాప ముడుచుకొనుట కలుగును. ఆసుపత్రిలో బ్రతికి ఇంటికి వచ్చిన పిదప, ఒకటి మొదలు మూడు వారములకు, కొందరికి పిక్కలలో నొప్పి పుట్టి పాదములు వ్రేలాడును. అప్పటికి మందు సంగతి మఱచిపోయి వేఱు కారణములు వెదకుదురు. ఇట్టివారు ఏ మందు, ఎప్పుడు చల్లిరో, డబ్బాపై పేరేమో వైద్యునకు తప్పక చెప్పవలెను.

కుదురు వ్యాధులలో మొదట చెప్పదగినది బి12 అను విటమిను లోపము. ఇది మాంసము, చేపలు, గ్రుడ్లు, పాలు మొదలగు జంతు సంబంధమైన ఆహారములందే కలదు. మాంసము తినక, పాలన్నియు కేంద్రమునకు పోసి, ఇంట పలుచని మజ్జిగతో సరిపెట్టుకొను కుటుంబములందు ఇది కనబడుచున్నది. పాదములు దూదిపై నడుచుచున్నట్లుండును. పగలు బాగుగ నడచినవాడు చీకటిలో తూలును. కన్నులు మూసికొని ముఖము కడుగుకొనునప్పుడు ముందునకు పడబోవును. రక్తపరీక్షవలన తెలియును, సూదిమందుతో కుదురును. ఆలసించినచో నరములకు కలిగిన నష్టములో కొంత నిలిచిపోవును. పాలు అమ్ముకొనవలదని ఎవరును చెప్పరు. ఇంటివారికి గ్లాసెడు ఉంచుకొని అమ్ముకొనుట లెక్కలోను నష్టము కాదు.

ఎండ తగులక ఇంటనే యుండు స్త్రీలకు డి విటమిను లోపమున ఎముకలు మెత్తబడి, తొడలలో బలము తగ్గి, బాతువలె ఊగుచు నడుచుట కలుగును. ఇదియు మందుతో కుదురును. గొంతు గ్రంథి మాంద్యమున మనుష్యుడు మందగించి, చలికి ఓర్వలేక, తొడలు బరువెక్కినట్లుండును. మధుమేహము పాదముల స్పర్శను తినివేయును. ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియక పుండగును.

పాదము పైకెత్తలేక ఈడ్చుచు నడుచువానికి శరీరముపై స్పర్శ లేని పాలిపోయిన మచ్చ యున్నచో కుష్ఠు వ్యాధియని అనుమానింపవలెను. సిగ్గుచే దాచుట వలననే కాలు పోవుచున్నది. మందు ప్రభుత్వ ఆసుపత్రులయందు ఉచితము. వెన్నులో ఒకచోట నొప్పి, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, వెన్నెముక గూనుగా పొడుచుకొని వచ్చుట క్షయ చిహ్నములు. ఇదియు మందునకు లొంగును. ఈ రోగికి నడుము త్రొక్కించుట, తోమించుట ప్రాణాపాయము. చేతివ్రేళ్లు మొద్దుబారి గుండీ పెట్టుకొనలేకుండుటయు, కాళ్లు బిగియుటయు కలిసి వచ్చినచో మెడ ఎముకల అరుగుదలచే వెన్నుపాము నొక్కుకొన్నదని తలపవలెను. బహుకాలము తలపై మూటలు మోసినవారు ఈ చిహ్నములు కనబడగనే మోత మానవలెను, మెడ విఱిపించుకొనరాదు. కండరములు క్రమముగ కృశించి, చర్మము క్రింద పురుగు ప్రాకినట్లు అదరుచుండు వ్యాధియొకటి కలదు. దానిని పోగొట్టు మందు నేటికిని లేదు, అది అరుదు.

కొన్ని గంటలలో గాని రెండు మూడు దినములలో గాని కాళ్లు పడిపోయినను, మూత్రము బంధించినను, ఊపిరి అందకున్నను వాతమని నూనె రాయుచు కూర్చుండరాదు. అదే దినమున పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను. ప్రక్క ఊరి వైద్యుని యభిప్రాయమునకై ఒక రాత్రి వేచుట వలన జన్మాంతము మంచము పట్టినవారున్నారు.

ఆసుపత్రికి పోవువారు మంచి ప్లాస్టిక్ సీసాలో తాము త్రాగు నీరును, పొలమున త్రాగు నీరును వేఱువేఱుగా పట్టి తీసికొనిపోవుట మంచిది. గాజు సీసా ఫ్లోరైడు పరీక్షకు తగదు. సీసాను అదే నీటితో మూడుమార్లు కడిగి, బోరు కొంతసేపు నడచిన పిదప పట్టి, మూత బిగింపవలెను. సీసాపై గ్రామము పేరు, బావి యున్న సర్వే నంబరు, లోతు, పట్టిన తేది వ్రాయవలెను. అదే బావి నీరు త్రాగు ఇతరులలోను, ఆ నీటిచే బ్రతుకు పశువులలోను ఎందఱికి కాళ్లు బిగిసినవో లెక్కించి మఱియొక కాగితముపై వ్రాసికొని వైద్యునకు చూపవలెను.